దుమ్ములో నేర్చిన తెడ్డు

బసప్ప దీవిలో కాపురం ఉండేవాడు. ఆ దీవికి నాలుగు దిక్కులా దుమ్ము ఉండేది.

ఇది ఎగతాళికి చెప్పే మాట కాదు. బెళుగుప్పకు పడమట నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊరు, ఊరికో చెరువు, చెరువు నడుమ ఏనుగు పడుకున్నట్టు ఒక మిట్ట, ఆ మిట్ట మీద బసప్ప ఇల్లు. చెరువు నిండితే అది దీవి. కాకపోతే చెరువు నిండి పదమూడేళ్ళయింది. ఎంత ఎండిందంటే, దారిన పోయే కొంగ ఒకటి పాత అలవాటు కొద్దీ అందులో దిగి, మధ్యాహ్నం దాకా ఒంటికాలి మీద నిలబడి చూసి, కాలు మార్చుకుని సాయంత్రం దాకా చూసి, చివరికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఎగరడానికి దానికి మొహం చెల్లలేదు. ఇంకోసారి భూములు కొలిచే ఆయన ఒకడు సైకిలు మీద వచ్చి, సరిగ్గా చెరువు నడిమధ్య దిగి, చెరువుకు దారెటని బసప్పనే అడిగాడు. బసప్ప మర్యాదగా ఆయన చెప్పుల వైపు చూపించాడు.

మిట్టా, దాని మీది ఎకరన్నర మాన్యమూ ఊరు బసప్ప తాతకిచ్చినవి. బదులుగా ఆ ఇంటివాళ్ళు చేయాల్సిన పని ఒక్కటే. చెరువు నిండి, మరువ, అంటే అలుగు, దాటి నీళ్ళు పొర్లినప్పుడు, ఊరివాళ్ళిచ్చే చీర, పసుపు కుంకుమలు, పిండి దీపం పుట్టిలో పెట్టుకుని, తూము దగ్గరి లోతు నీళ్ళ దాకా పోయి గంగమ్మకు ఇచ్చి రావాలి. చీర వదలడానికి ఇంటి ఆడమనిషి పుట్టిలో ఉండాలి. తెడ్డు మాత్రం ఇంటి మగవాడి చేతిలోనే ఉండాలి. ఆ పని చేసినన్నాళ్ళూ మిట్ట వాళ్ళది. చేయలేకపోతే, చేయగలిగినవాడికి వదిలి దిగిపోవాలి.

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి, బయట తోలు కుట్టిన పెద్ద గుండ్రటి బుట్ట. దానికి ముందూ లేదు, వెనకా లేదు. బసప్ప ఇంటి పుట్టి పదమూడేళ్ళుగా తడి ఎరగదు. అందులో శెనక్కాయలు ఎండాయి, కోళ్ళు పొదిగాయి, బసప్ప పిల్లలిద్దరూ పడుకుని పెరిగారు.

బసప్పకు తెడ్డు నేర్పింది వాళ్ళ నాయన. చెరువు ఆఖరుసారి నిండినప్పుడు బసప్ప చలిజ్వరంతో కంబళి కింద ఉన్నాడు, ఏమీ చూడలేదు. కంబళి తీసేసరికి పూజ అయిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళకు, మళ్ళీ నిండేలోపల కొడుక్కి విద్య రావాలని, నాయన పుట్టిని ఎండిన చెరువులో పెట్టి, బసప్పను అందులో కూర్చోబెట్టి, కుడిపక్కన తెడ్డు వేయించాడు. మేకలు చుట్టూ నిలబడి చూసేవి. దుమ్ము లేచి ఊరివాళ్ళు గాలివాన అనుకునేవాళ్ళు. దుమ్ములో పుట్టి కదలదు కాబట్టి, ఎంత తోసినా ఉన్నచోటే ఉండేది.

"శభాష్ రా, ఒక్క వెంట్రుక కూడా వంకర పోలేదు," అని నాయన మెచ్చుకునేవాడు.

ఆ మెప్పు బసప్ప తలకెక్కింది. నాయన పోయాక కూడా దిగలేదు. ఊళ్ళో ఎవరు కనిపించినా, "వాన రానీ, బళ్ళారి దాకా తెడ్డేసుకుంటా పోయొస్తా," అనేవాడు. బళ్ళారికీ ఆ చెరువుకీ నడుమ చుక్క నీళ్ళు లేవని చెబితే, "అది వాన చూసుకుంటాది," అనేవాడు.

భార్య హనుమక్క తుంగభద్ర ఒడ్డు నుంచి వచ్చిన పిల్ల. కాపురానికి వచ్చిన మొదటి రోజే బసప్ప తన తెడ్డు విద్య చూపించాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మొగుడి బలం చూసి మురిసిపోయిందనుకున్నాడు బసప్ప. ఆ నవ్వు తర్వాత తొమ్మిదేళ్ళూ ఆమె సణుగుతూనే ఉంది.

"నాలుగు దిక్కులా నీళ్ళని చెప్తే మా నాయన ఇచ్చినాడు. బిందె ఎత్తుకోని మైలు నడుస్తాండా. సంగటిలో దుమ్ము, పక్కలో దుమ్ము. కొట్లాడి మనసు తేలిక చేసుకుందామంటే పక్కిల్లు కూడా లేదు. ఊర్లోకి పోదాం పదయ్యా."

"నేను లేనామ్మే, నాతో కొట్లాడు," అనేది అత్త నల్లమ్మ, ఆకువక్క నములుతూ.

"నీతో ఏం కొట్లాడేది అత్తా, సగం మాటలకు నిద్ర పోతావు."

అయినా సాయంత్రం గాలి తిరిగితే ఆ ఇంట్లో అందరికీ ఒక పండగ ఉండేది. బయటి పుట్టిలో అందరూ ఎక్కి కూర్చునేవాళ్ళు. వేయించిన శెనక్కాయలు, బెల్లం ముక్క నడుమ పెట్టుకునేవాళ్ళు. బసప్ప తెడ్డు పట్టుకుని ఊళ్ళు దాటించేవాడు. "ఇదో, కళ్యాణదుర్గం పోయింది. అదో, ఆ మినుకు మినుకు దీపాలు బళ్ళారివి." పిల్లలు కోట కనపడుతోందని చెయ్యి చూపేవాళ్ళు. నల్లమ్మ భయంతో పుట్టి అంచు గట్టిగా పట్టుకునేది. హనుమక్క మాత్రం, "బళ్ళారిలో దిగి ఉప్పు తీసుకురాపో, అయిపోయింది," అనేది.

గంజి కేంద్రాలు పెట్టిన కరువు పోయిన మూడో ఏడు, చిత్తకార్తెలో వాన పట్టుకుంది. ఐదు రోజులు విడవలేదు. బిందెలకు కళాయి వేయడానికి మొదటి రోజు పొద్దున మిట్ట మీదికొచ్చిన నబీ రసూల్ తిరిగి పోలేక అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటికీ కళాయి వేసేసి, చేయడానికి ఏమీ లేక నల్లమ్మ ఆకువక్క డబ్బాకు కూడా వేసేశాడు.

ఆరో రోజు పొద్దున వాన ఆగింది. బసప్ప చెంబు పట్టుకుని ఎప్పటిలాగే మిట్ట దిగాడు. చీలమండ తడిసింది. ఇంకో రెండడుగులకు మోకాలు. నిలబడి చూశాడు. ఎదుట రోజూ కనిపించే దారి లేదు, తుమ్మచెట్లు లేవు, ఆకాశాలు మాత్రం రెండున్నాయి, పైనొకటి, కిందొకటి. ఇల్లెవరో ఎత్తుకెళ్ళి ఇంకోచోట పెట్టారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గుమ్మంలో హనుమక్క ఉంది.

"ఏమ్మే, దోవ యాడ పెట్టినావు?"

"మడిచి పెట్టెలో పెట్టినా. చూసుకో పో."

అప్పటికి గానీ అది నీళ్ళని బసప్పకు తట్టలేదు. కోరుకున్నది వస్తే మనిషి సంతోషించాలని అతనికి తెలుసు. కానీ చెంబు కూడా ముంచకుండా వెనక్కి గట్టెక్కాడు.

ఎండెక్కేసరికి కట్ట మీదికి ఊరంతా వచ్చింది. ఊరిపెద్ద చెన్నప్ప ముందుకొచ్చి చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన గొంతు పెద్దది. ఇంట్లో దగ్గితే పక్క ఊళ్ళో పశువులు లేచి నిలబడేవి.

"బసప్పా. మరువ పారతాండాది. శుక్రవారం పొద్దున పూజ. పుట్టి తెస్తావా, హగరి ఏటి కాడ తిప్పేస్వామికి కబురు చేసేదా?"

తిప్పేస్వామి నీళ్ళలో పుట్టి పెరిగినవాడు. తెడ్డు వచ్చు, ఇల్లు లేదు. ఆ మిట్ట మీద అతనికెప్పటినుంచో కన్నుంది.

"తెస్తా," అని అరిచాడు బసప్ప. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

శుక్రవారానికి నాలుగు రోజులుంది. నబీ రసూల్ తన కొలిమిలో గుగ్గిలం, ఆముదం కలిపి కాచి, కోళ్ళు పొడిచిన చిల్లులన్నీ పూడ్చాడు. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ పుట్టి ఎక్కారు. అవతలి ఒడ్డున దిగి ఇంటికి పోదామని నబీ రసూల్ తన తిత్తి, మూట కూడా సర్దుకున్నాడు.

బసప్ప నాయనను తలుచుకుని కుడిపక్క తెడ్డు వేశాడు. కట్ట ఎడమకు పోయింది. ఇంకోటి వేశాడు. కట్ట వెనక్కి పోయి ఇల్లు ముందుకొచ్చింది. ఇంకొంచెం బలంగా వేశాడు. ఇల్లు, కట్ట, తూము, దూరాన మర్రిమాకుల కొండ వరసగా వచ్చి పలకరించి పోవడం మొదలుపెట్టాయి. చెరువంతా తన చుట్టూ తిరుగుతోందని బసప్పకు అనిపించింది. దుమ్ములో ఎప్పుడూ ఇలా జరగలేదు.

"బసన్నా," అన్నాడు నబీ రసూల్ కళ్ళు మూసుకుని, "పడమర యాడుండాదో చెప్పు. నమాజుకు యాళయింది."

"ఇప్పుడే ఈడుండె మామా."

"నేను నమ్మను. ఇంతకుముందు కూడా అదే చెప్పినావు, ఇంకో దిక్కు చూపించి."

పొద్దు వాలేదాకా తిరిగారు. చివరికి పుట్టి దేనికో తగిలి ఆగింది. బురద, ఒడ్డు, ఒక గోడ. గట్టున ఒక ఆడమనిషి వీపు ఇటు పెట్టి గిన్నెలు తోముతోంది. తల ఇంకా తిరుగుతుండగా బసప్పకు ప్రాణం లేచివచ్చింది. ఏదో ఒక ఊరు చేరాం, అది చాలనుకున్నాడు.

"ఏమమ్మా, ఇది యా ఊరు?"

ఆమె తిరిగింది. హనుమక్క.

"బళ్ళారి. దిగి ఉప్పు తీసుకో," అంది.

నబీ రసూల్ మూట ఎత్తుకుని మళ్ళీ కొలిమి దగ్గరికి పోయి కూర్చున్నాడు. బసప్ప పుట్టిలోంచి దిగలేదు. వాళ్ళమ్మను పిలిచి అడిగాడు. ఆమె పెళ్ళయినాక రెండుసార్లు పూజకు పుట్టిలో పోయిన మనిషి.

"అమ్మా, నాయన తెడ్డు ఎట్లేసె?"

"నాకేం తెలుసురా. కండ్లు మూసుకోనుంటి."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ. మీ తాత తెడ్డు పట్టుకోని ముందర కూకునుండె. మీ నాయన పక్కన తోస్తాండె. అంతే తెలుసు."

నల్లమ్మ లోపలికి పోయాక బసప్ప హనుమక్కతో నెమ్మదిగా అన్నాడు. "నీ కోరిక తీరినట్టే లే. తిప్పేస్వామికి పోతాది మిట్ట. ఊర్లో చిన్న కొట్టమేసుకుందాం. పక్కింటోళ్ళుంటారు. బాగా కొట్లాడుకో."

ఆమె సంతోషిస్తుందనుకున్నాడు. ఆమె చేతిలో చిప్ప ఆగిపోయింది. మొహం చూస్తే తొమ్మిదేళ్ళలో ఎన్నడూ చూడని కోపం.

"ఎవురికిస్తావు? ఎవురిల్లు?"

"నువ్వే కదే రోజూ పోదామంటావు."

"అంటా. రోజూ అంటా. పోతానని ఎప్పుడన్నా అన్నానా?"

బసప్పకు పుట్టిలో తిరిగినప్పటికంటే ఎక్కువ తల తిరిగింది. ఆమె చీర ఎగదోపి, నీళ్ళలో దిగి, పుట్టి ఎక్కి, అతని చేతిలోంచి తెడ్డు లాక్కుంది. పక్కన వేయలేదు. తన ముందర నీళ్ళలో ముంచి, తన వైపు లాక్కుంది. పుట్టి పిలిచిన దూడలాగా ముందుకు నడిచింది. ఇంకోసారి లాగింది, ఇంకొంచెం నడిచింది.

"పక్కన తోస్తే తిరుగుతాది. ముందర ముంచి లాక్కుంటే పోతాది. మా ఊర్లో ఆరేండ్ల పిల్ల చెప్తాది ఈ మాట."

"నీకు వచ్చునా?"

"వచ్చు."

"తొమ్మిదేండ్లాయె. దుమ్ము గురించి చెప్పినావు, సంగటి గురించి చెప్పినావు, ఈ మాట మాత్రం చెప్పకపోతివి."

"నీళ్ళుంటే కదా చెప్పేది," అంది హనుమక్క. "దుమ్ములో నువ్వేసిన తెడ్డుకు ఏం తక్కువుండె?"

మిగిలిన మూడు రోజులూ మిట్ట వెనక, కట్టకు కనపడకుండా, ఆమె నేర్పింది. బసప్ప చెయ్యి మాట వినేది కాదు. పదకొండేళ్ళు కుడిపక్కకు పోయిన చెయ్యి, ఏమరితే చాలు కుడిపక్కకే పోయేది. అప్పుడల్లా హనుమక్క అతని మోచేతి మీద గరిటెతో ఒకటిచ్చేది.

శుక్రవారం కట్ట మీద అడుగు పెట్టే సందు లేదు. తిప్పేస్వామి కూడా వచ్చి, సొంత తెడ్డు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. బసప్ప తెడ్డు పట్టుకుని ముందు కూర్చున్నాడు, వెనక ఊరివాళ్ళిచ్చిన చీర, దీపంతో హనుమక్క, ఆమె పక్కన కళ్ళు మూసుకుని నల్లమ్మ. "ముంచు. లాక్కో. ముంచు. లాక్కో," అని హనుమక్క పెదవులు కదపకుండా చెబుతూ ఉంది. ఊరివాళ్ళు మంత్రమనుకున్నారు. పుట్టి తిన్నగా తూము దగ్గరికి పోయింది. హనుమక్క చీర నీళ్ళలో వదిలింది, దీపం వదిలింది. దీపం ఆరకుండా తేలిపోతుంటే బసప్పకు గుండె నిండిపోయింది. నాయన గుర్తొచ్చాడు. నాయనతోపాటు ఆయన నేర్పిన తెడ్డు కూడా గుర్తొచ్చింది.

పుట్టి ఒక చుట్టు తిరిగింది. హనుమక్క గరిటె కోసం వెతికింది, అది ఇంట్లోనే ఉండిపోయింది. రెండో చుట్టు తిరిగింది. ఆమె మోచేత్తో పొడిచింది. మూడో చుట్టుకు గానీ చెయ్యి దారిలోకి రాలేదు.

కట్ట మీద చెన్నప్ప తలపాగా తీసి రెండు చేతులూ జోడించాడు. ఆయన్ను చూసి ఊరంతా జోడించింది.

వాళ్ళు ఒడ్డుకు వచ్చాక చెన్నప్ప నల్లమ్మనడిగాడు. "గంగమ్మకు మూడు ప్రదక్షిణలు. మీ ఆయన కాలంలో కూడా ఉండెనా వదినా? నాకు జ్ఞాపకం లేదే."

"ఉండె," అంది నల్లమ్మ. "నేను చూసినా కదా."

నీళ్ళు తెలిసిన తిప్పేస్వామి ఒక్కడే నోరు తెరిచాడు. చుట్టూ అన్ని జోడించిన చేతులు చూసి, మళ్ళీ మూసుకుని, తెడ్డు చంకలో సర్దుకుని హగరి దారి పట్టాడు.

మిట్ట బసప్పకే ఉంది. ఆరేళ్ళకు చెరువు మళ్ళీ నిండినప్పుడు, అప్పటికి బాగా తెడ్డు వచ్చేసిన బసప్ప తిన్నగా పోయి తిన్నగా తిరిగొస్తే, ఊరు ఒప్పుకోలేదు. మళ్ళీ పంపి మూడు చుట్లు తిప్పించింది. ఎలా తిరగాలో అప్పటికి మరిచిపోయి, అతను నానా తిప్పలు పడ్డాడు.

అంతకుముందు, ఆ మొదటి శుక్రవారం సాయంత్రం, నబీ రసూల్‌ను ఒడ్డున దించి వచ్చాక, అందరూ నీళ్ళ అంచున పుట్టిలో కూర్చున్నారు. అడుగున నీళ్ళు చిన్నగా తడుతున్నాయి. హనుమక్క అప్పటికే మొదలుపెట్టింది. గోడలు చెమ్మ, పక్కలు చెమ్మ, కప్పలు నిద్ర పోనీయవు, ఈ నీళ్ళ నడుమ ఎవరుంటారు, ఊర్లోకి పోదాం పద.

బసప్ప తెడ్డు పక్కన పెట్టి అడిగాడు. "ఏమ్మే, నిజం చెప్పు. నీకు పోవాలనుండాదా, ఉండాలనుండాదా?"

"ఉప్పు అయిపోయింది," అంది హనుమక్క. "పొద్దున పోయి తీసుకురా. తిన్నగా పోయి తిన్నగా రా."

ఈ మాటకు అర్థం పోవాలనా, ఉండాలనా అని ఆలోచిస్తూ, బసప్ప శెనక్కాయలు ఒలిచి ఆమె చేతిలో పెడుతూ కూర్చున్నాడు.