నడుమెత్తు కమ్మీలు

కట్టడాలు గట్టిగా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. అపార్ట్‌మెంట్ల బాల్కనీలు, పార్కింగ్ అంతస్తులు, బడుల మెట్లు. మేము దేశం వదిలి వచ్చి ఓక్‌విల్‌లో ఉంటున్నాం. పని మాత్రం చుట్టుపక్కల ఏ ఊళ్లో పడితే ఆ ఊళ్లో. పద్నాలుగేళ్లుగా చేస్తున్నాను కాబట్టి దేనికీ పెద్దగా తడబడను. ఆ ఫిబ్రవరిలో మా బాస్ ఒక ఫుట్‌బాల్ స్టేడియం ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు మాత్రం నా వేళ్లు చల్లబడిపోయాయి. ఆయన గమనించలేదు. "ఏప్రిల్లో మొదటి మ్యాచ్. దానికి ముందే అయిపోవాలి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆ స్టేడియంలో ఒక గోలు వెనకాల ఉన్న భాగమంతా ఒకప్పుడు నిలబడి చూసే చోటు. కుర్చీలు లేవు, కాంక్రీటు మెట్లే. తర్వాత భద్రత కోసమని అక్కడా కుర్చీలు బిగించారు. కానీ అక్కడికి వచ్చేవాళ్లు కూర్చునే రకం కాదు. ఆట సాగినంతసేపూ పాడతారు, ఎగురుతారు, డప్పులు కొడతారు. కుర్చీలు పెడితే వాటి మీదెక్కి నిలబడ్డారు. రెండేళ్ల కిందట గోల్ పడిన ఊపులో ఒకాయన కుర్చీ మీంచి తూలి మూడు వరసల కిందికి పడ్డాడు. నడుము విరిగింది. ఎలాగూ నిలబడతారు కనుక పడిపోకుండా నిలబడే ఏర్పాటు చేద్దామని అప్పుడు నిర్ణయించారు. కుర్చీలు పీకేసి, ప్రతి వరస ముందూ నడుమెత్తున ఒక ఇనుప కమ్మీ. దాన్ని మోసే నిలువు స్తంభాలు కాంక్రీటులోకి బోల్టులతో బిగించి ఉంటాయి. ఆ స్తంభాలు జనం బరువుకి ఆగుతాయో లేదో నేను తేల్చాలి.

నాకు జనమంటే భయం. ఈ మాట అప్పటికి నా భర్తకి కూడా సరిగ్గా తెలియదు. బ్రాంప్టన్‌లో గుడికి వెళితే నేను చెప్పులు విడిచే చోటే ఆగిపోతాను. కిక్కిరిసిన లిఫ్టు వస్తే మెట్లెక్కుతాను. "నీకు ఓపిక లేదు" అని ఆయన నవ్వుతాడు. నేనూ అదే అని ఊరుకుంటాను.

ఇంటర్మీడియెట్ రెండో ఏడు చదువుతున్నప్పుడు హైదరాబాదులో నేనూ అక్కా ఇంట్లో చెప్పకుండా క్రికెట్ మ్యాచ్ టికెట్ల కోసం వెళ్లాం. కౌంటరు ముందు ఒకే ఒక్క అడ్డకమ్మీ ఉంది. మేము తెల్లవారకముందే వెళ్లి దాని దగ్గరే నిలబడ్డాం, ముందున్నామని సంబరపడ్డాం కూడా. కిటికీ తెరిచారన్న మాట వెనక్కి పాకగానే తోపులాట మొదలైంది. అరుపులు వినిపించాయి కాసేపు, తర్వాత అవీ ఆగిపోయాయి. అరవడానికి ఊపిరి కావాలి కదా. నా పాదాలు నేల మీద లేవు. కమ్మీ నా పక్కటెముకల్లో దిగబడింది. పక్కన ఒకావిడ కళ్లు తేలేసింది, అయినా కింద పడలేదు, పడడానికి చోటు లేదు. అక్క ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. ఆమె పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఎవరో పైనించి నా జుట్టూ చున్నీ కలిపి పట్టుకుని కౌంటరు పక్కనున్న గోడ మీదికి లాగారు. అక్కని తర్వాత లాగారు. ఆమె భుజం ఎముక విరిగింది. మెట్ల మీంచి జారిపడిందని ఇంట్లో చెప్పాం. ఆ అబద్ధం అలాగే నిలిచిపోయింది.

మార్చిలో పరీక్షలు మొదలయ్యాయి. నాతోపాటు వచ్చిన టెక్నీషియన్ గుంటూరువైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలో చాలాకాలం చేసి మా కంపెనీకి వచ్చాడు. నేను అన్నా అంటాను, ఆయన అమ్మా అంటాడు. పని పద్ధతి తేలికే. స్తంభానికి, కార్లని లేపే లాంటి జాక్ ఆనించి, జనం ఎంత గట్టిగా తోయగలరని లెక్కవేశామో అంతకంటే ఎక్కువ బలంతో తోస్తాం. కాసేపు అలాగే ఉంచి వదిలేస్తాం. స్తంభం ఎంత వంగిందో చూపే గేజ్‌లో ముల్లు జరిగి, వదిలాక మళ్లీ తన చోటికి రావాలి. వస్తే స్తంభం మంచిది.

స్టేడియం ఖాళీగా ఉంది. దగ్గర్లోని సరస్సు మీంచి వచ్చే గాలికి నీడ పడిన మెట్ల మీద మంచు ఇంకా కరగలేదు. అంత ఖాళీలోనూ నేను మెట్ల అంచున నిలబడలేకపోయాను. వెనకాల ఎవరో ఉన్నట్టే ఉండేది. ప్రతిసారీ తిరిగి చూసేదాన్ని.

మూడో రోజు ఒక స్తంభం దగ్గర ముల్లు పూర్తిగా వెనక్కి రాలేదు. వెంట్రుకవాసి ముందు ఆగింది. మళ్లీ తోశాం. ఈసారి వచ్చింది. మూడోసారి మళ్లీ ఆగింది.

"ఏం కాదులేమ్మా, రూల్ ప్రకారం ఇంత తేడా ఉండొచ్చుగా" అన్నాడు ఆయన.

"ఉండొచ్చు."

"మరి రాసేద్దామా?"

నేను ఆ స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపాను. కదల్లేదు. మోకాళ్ల మీద కూర్చుని బోల్టుల చుట్టూ చూశాను. ఏమీ కనిపించలేదు. అయినా గుండె దడదడలాడుతోంది. ఇది స్తంభం గురించిన అనుమానమా, నా పాత భయమా? రెంటినీ విడదీయడం నాకు చేతకాలేదు. పద్నాలుగేళ్లలో అలాంటి స్థితి ఎప్పుడూ రాలేదు.

"తీయించాలి అన్నా. కింద కాంక్రీటు చూడాలి."

స్టేడియం మేనేజర్ వచ్చాడు. మర్యాదస్థుడే, కానీ చేతిలో ఫోన్ ఆగకుండా మోగుతోంది. "ఇది పాసా ఫెయిలా?" అని అడిగాడు.

"కాగితం మీద పాసే."

"మరి ఎందుకు తవ్వాలి?"

నా దగ్గర చెప్పడానికి అంకె లేదు. "నాకు నమ్మకం లేదు" అన్నాను. ఆయన నా ముఖం వంక కాసేపు చూశాడు. నాకు ఒంట్లో బాగాలేదనుకున్నాడో ఏమో, "ఒక్క స్తంభమే, రేపటికల్లా" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు బోల్టులు విప్పి తవ్వితే కింద పాత అతుకు బయటపడింది. వెనకటి కుర్చీలు పీకినప్పుడు పడిన గుంతని ఎవరో పైపైన పూడ్చారు. నాలుగు బోల్టుల్లో రెండు ఆ అతుకులోనే నిలబడి ఉన్నాయి. టెక్నీషియన్ సుత్తితో చిన్న దెబ్బ వేస్తే అతుకు పెంకులా ఊడి వచ్చింది.

"అమ్మో" అన్నాడాయన మెల్లగా.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. నా భయం చెప్పింది నిజమైంది. సరే. అది చెప్పని వాటి సంగతేమిటి? ముల్లు చక్కగా వెనక్కి వచ్చిందని నేను పాస్ రాసిన పదుల స్తంభాల కింద ఏముందో? మర్నాటి నుంచి వారం రోజులు మిగతా వాటిని జాక్‌తో తోస్తూనే, ప్రతి స్తంభం మొదట్లో సుత్తితో కొట్టి చప్పుడు విన్నాం. బోలుగా మోగినవి ఇంకో రెండు దొరికాయి. వాటినీ తవ్వి కొత్త కాంక్రీటు పోయించాం. అది గట్టిపడ్డాక మూడింటినీ మళ్లీ జాక్‌తో తోశాం. ముల్లు బయల్దేరిన చోటికే తిరిగి వచ్చింది. ఇక సంతకం పెట్టాలి. కలం పట్టుకుని ఆఫీసులో గంటసేపు కూర్చున్నాను, పెట్టలేకపోయాను.

కారులోకి వెళ్లి అక్కకి ఫోన్ చేశాను. హైదరాబాదులో అప్పటికి పొద్దుపోయింది. జరిగిందంతా చెప్పాను. ఆ ఉదయం గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

అక్క మంచం మీంచి లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది. తర్వాత, "మనకు ఆ రోజు ఎన్ని కమ్మీలున్నయే?" అంది.

"ఒకటే. ముందర."

"అందుకే గదా అందరి బరువూ వచ్చి మన మీద పడ్డది. మధ్యల ఆపేది ఏదీ లేకుండె. నువ్వు ఇప్పుడు వరసకొకటి పెడుతున్నవంటివి. ఎవని బరువు వాని ముందరి కమ్మీ మీదనే ఆగుతది. అంతేనా?"

"అంతే."

"మరి పెట్టు సంతకం. భయం పోయినంక పెడతనంటే ఎన్నటికీ పెట్టవు. నాకైతే ఇప్పటికీ పోలే."

పెట్టాను. పేరు చివర అక్షరం వంకర పోయింది.

పదిహేనేళ్ల మా అమ్మాయికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఆ గోలు వెనక భాగంలోనే టికెట్ కావాలని ఎప్పటినుంచో అడుగుతోంది. మొదటి మ్యాచ్‌కి నేనే తీసుకెళతానంటే నమ్మలేదు. "ఆర్ యూ ష్యూర్, అమ్మా? నీకు అక్కడ నచ్చదు" అంది. పిల్లని అక్కడికి ఒంటరిగా పంపడం కంటే పక్కన నిలబడడమే నయమనుకున్నాను. సంతకం పెట్టిన మనిషి నిలబడకపోతే ఎలా అని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం మ్యాచ్. ఎండ ఉంది, చలి వదల్లేదు. మా వరసలోకి వెళ్లేసరికే నా అరచేతులు తడిసిపోయాయి. నా పక్కన డెబ్బై దాటిన ఒకావిడ, టీమ్ కండువా కప్పుకుని, కమ్మీ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉంది. కుర్చీలు రాకముందు నుంచీ ఇక్కడికి వస్తున్నానని చెప్పింది. నేను వరసలో ఉన్న స్తంభాలు లెక్కపెట్టాను. బయటికి వెళ్లే దారులు లెక్కపెట్టాను. మా వెనక వరస నిండింది, దాని వెనకది నిండింది. డప్పులు మొదలయ్యాయి. కాళ్ల కింద కాంక్రీటు సన్నగా అదురుతోంది. అలా అదరడం మామూలేనని నాకు తెలుసు. తెలిసినా దవడలు బిగుసుకుపోయాయి.

ఇరవై నిమిషాలకి గోల్ పడింది.

ఆ చప్పుడు వినపడలేదు, ఒంటికి తగిలింది. నా వెనకాల మొత్తం జనం ఒక్కసారిగా ముందుకు ఊగారు. నాకు కళ్లు చీకట్లు కమ్మాయి. పక్కటెముకల్లో ఇనుము దిగబడుతుందని ఊపిరి బిగపట్టి ఎదురుచూశాను. అదేమీ జరగలేదు. వెనకాయన తన ముందున్న కమ్మీ దగ్గరే ఆగిపోయి అక్కడే ఎగురుతున్నాడు. నా వీపు మీదికి ఎవరూ రాలేదు. నా పాదాలు నేల మీదే ఉన్నాయి. అయినా ఊపిరి రావడం లేదు.

"అమ్మా! అమ్మా, మై హ్యాండ్!"

చూస్తే అమ్మాయి చేతిని నేను గోళ్లు దిగేలా పట్టుకుని ఉన్నాను. వేళ్లు తీయబోతే రావడం లేదు. పెద్దావిడ ఒక్కొక్క వేలే మెల్లగా విడదీసింది.

"మొదటిసారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఈ కమ్మీలు పరీక్ష చేసింది నేనే" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆవిడ నన్ను, కమ్మీని మార్చి మార్చి చూసింది. "అయితే నువ్వు వణుకుతుంటే నాకు భయమేస్తోందమ్మా" అని పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నా వీపు మీద చెయ్యి వేసింది. "బయటికెళ్లి గాలి పీల్చుకో. నీ పిల్లని నేను చూస్తుంటాను."

పిల్లని వదిలి రాలేను, అక్కడ ఉండనూ లేను. విరామం దాకా ఎలా నిలబడ్డానో గుర్తులేదు. విరామంలో అమ్మాయే నన్ను మెట్ల పైదాకా తీసుకొచ్చింది. "ఇంటికి పోదామా?" అంది. ఆ మాట అనడానికి దానికి ఎంత కష్టమైందో ముఖంలో కనిపించింది.

"నువ్వు వెళ్లి చూడు. నేనిక్కడే ఉంటా."

రెండో సగమంతా కాఫీ దుకాణాల పక్కన గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. ఆట కనిపించదు, చప్పుడు మాత్రం వస్తుంది. ఒక్కసారి పెద్ద గర్జనలాంటిది లేచింది. నేను పరుగెత్తి మెట్ల దగ్గరికి వచ్చాను. అక్కడున్న సిబ్బంది మనిషి అడ్డం రాబోయి నా ముఖం చూసి తప్పుకున్నాడు.

పైనుంచి మొదటిసారి అంతా చూశాను. వేలమంది ఎగురుతున్నారు. ఒక్కొక్క వరస కమ్మీ దాకా ఊగి మళ్లీ వెనక్కి వస్తోంది. ఏ వరసా కింది వరస మీద పడడం లేదు. అంతమందిలో మా పిల్ల నీలం టోపీ వెతికి పట్టుకున్నాను. దాని నడుముకి కమ్మీ ఉంది, పక్కన పెద్దావిడ ఉంది. అది నోరంతా తెరిచి అరుస్తోంది. అరుస్తోందంటే ఊపిరి ఆడుతోందన్నమాట. అలా అనుకుని అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

తిరుగు ట్రైన్‌లో దానికి అంతా చెప్పాను. తెలుగులోనే చెప్పాను, ఎంతవరకు అర్థమైందో తెలియదు. విన్నంతసేపూ అది నా చేతి మీద చెయ్యి తీయలేదు. దాని మణికట్టు మీద నా గోళ్ల గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

"వై డిడ్‌న్ట్ యూ టెల్ మీ?" అంది చివరికి.

"చెబితే నువ్వు భయపడతావని."

తర్వాత అడగాలా వద్దా అన్నట్టు అడిగింది: "నెక్స్ట్ సాటర్‌డే నా ఫ్రెండ్స్ వెళ్తున్నారు. నేనూ వెళ్లనా?"

వద్దు అన్న మాట నోటి దాకా వచ్చింది. దాన్ని మింగడానికి రెండు స్టేషన్లు పట్టింది.

"వెళ్లు" అన్నాను.

వెళ్లింది. ఆ శనివారం మధ్యాహ్నం నేను వంటింట్లో పొయ్యి మీద ఏమీ పెట్టకుండా, రేడియో పెట్టకుండా, ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఇప్పటికీ మ్యాచ్ ఉన్న ప్రతి శనివారం అలాగే కూర్చుంటాను.