ఫోనులో ఆరాధనకు వచ్చిన అక్క

ఆ శుక్రవారం గల్ఫ్‌లో, ఘాలాలోని మా రూమ్‌లో ప్రార్థన మొదలుపెడుతూ అక్కకు ఫోన్ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఒక పాట పాడి మళ్లీ చేశాం. అదే మాట.

అక్కది గోదావరి వైపు. ఇక్కడికి దూరంగా బురైమి ఊళ్లో ఒకరింట్లో పనిచేసేది. సెలవు ఇవ్వరు కాబట్టి వంటగదిలోంచే ఫోనులో ఆరాధనకు వచ్చేది. ఆమె కోసం ఒక కుర్చీ వేసి, దానిమీద ఫోను పెట్టేవాళ్లం. వాక్యం చెప్పే అన్నను ఆటపట్టించేది. "కాస్త పొట్టిగా చెప్పండి అన్నయ్యగారూ, కూర మాడితే మేడం నన్ను మాడ్చేస్తాదండి." రొట్టె విరిచేటప్పుడు మాత్రం తనూ ఒక ఖుబూస్ రొట్టె ముక్క చేతిలో పట్టుకుని మౌనంగా ఉండేది.

అంతకు ముందు వారం, "ఊరెళ్లిపోతాను, పాస్‌పోర్టు ఇచ్చేయండని రేపు మేడాన్ని అడుగుతానండి. ప్రార్థన చేయండి" అంది. చేశాం.

ఫోను ఎన్నాళ్లకీ కలవక ఎంబసీకి వెళితే, వెతకడానికి ముందు ఆమె పాస్‌పోర్టు పేరు కావాలన్నారు. మాకు తెలిసింది బాప్తిస్మం పేరే. పాస్‌పోర్టులో పాత పేరు ఉంటుంది. సంఘంలో ఆ పేరు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

కుర్చీ ఇప్పటికీ వేస్తున్నాం. అక్క ఊరు చేరిందో, ఆ ఇంట్లోనే ఉందో ఈ రోజుకీ తెలియలేదు.