జిగురు కణాలు

మిరపకాయల కాలంలో మా ఊళ్ళో తలనొప్పిని జబ్బుగా లెక్కేయరు. కల్లంలో కాయలు ఎండుతుంటే ఊరంతా తుమ్ముతుంది, సగం ఊరు శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుంటుంది. అందుకే తాలుకాయలు ఏరుతూ మా వదిన తల పట్టుకుంటే, "ఘాటులే అమ్మాయ్, అదే పోతుంది" అన్నారు నాన్న. అన్నయ్య ఆ మాత్రం కూడా అనలేదు. అరవైల మొదట్లో సంగతి. అమ్మ పోయాక ఆ ఇంటిని నడిపింది వదినే. నేను గుంటూరులో వైద్యం చదువుతూ సెలవులకు వచ్చేవాణ్ణి.

కాయలు అమ్ముడుపోయాయి, ఘాటు పోయింది, తలనొప్పి పోలేదు. వాంతులు మొదలయ్యాయి. కుడిచేతిలోంచి చెంబు జారిపోయింది. అప్పటిగ్గాని మా మగవాళ్ళకు కంగారు పుట్టలేదు.

ఆ రోజుల్లోనే మాకు మెదడు పాఠం నడుస్తోంది. ఆలోచించేవి నాడీకణాలు, వాటి మధ్య ఉండేది గ్లియా, అంటే జిగురు అని మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ జిగురు చేసే చాకిరీ మాత్రం తక్కువేమీ కాదు. నాడీకణాలను పట్టి నిలపాలి, తిండి అందించాలి, వాటి పోగులకు తొడుగు వేయాలి, చచ్చినవాటిని ఎత్తిపోయాలి. వానపాముకు ఈ చాకిరీ కొంచెమే చాలు. జంతువు తెలివిమీరేకొద్దీ చేసేవాళ్ళు ఎక్కువమంది కావలసి వచ్చింది. పెద్దయ్యాక నాడీకణాలు కొత్తగా పుట్టవన్నారు. జిగురు కణాలు పుడతాయి, అదుపు తప్పితే గడ్డ కడతాయి.

వదినకు వచ్చింది అదే. మద్రాసులో తల తెరిచి, తీయగలిగినంత తీసి కుట్టేశారు. అది విని నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరిమీదో తెలియదు.

ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం అడిగింది. "నా తలలో ఏం పెరుగుతోంది అబ్బాయ్? దాచకుండా చెప్పు."

చెప్పాను. మిగతావాటికి తిండి పెట్టి సాకే కణాలేనన్నాను.

"మరి వాటికెవరు పెడతారు?"

రక్తం, అన్నాను. నవ్వబోయింది. మూతి ఒక పక్కకే కదిలింది. నేను దొడ్లోకి వెళ్ళి ఏడ్చాను.

కొత్త మిరపతోటలు పూతకు రాకముందే వదిన పోయింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగువాళ్ళే అన్నం తెచ్చిపెట్టారు. ఆ తర్వాత వండుకోక తప్పని పొద్దు వచ్చింది. నాన్న, అన్నయ్య, నేను వంటింట్లో నిలబడ్డాం. అగ్గిపెట్టె ఎక్కడుంటుందో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు.