మరియమ్మ కేసు కట్ట

ఎండుమిరపకాయలు డబ్బాలో పోసేటప్పుడు ఆ ఘాటు ముక్కుకెక్కితే అందరికీ పచ్చళ్లు గుర్తొస్తాయేమో గానీ, నాకు మాత్రం చిలకలూరిపేటలో మా మేనత్త ఆఫీసు గది గుర్తొచ్చి ఆ పూటకి మనసు పాడవుతుంది.

మా అత్త లాయరు. తొంభైల చివర నేను సెలవులకి ఆమె దగ్గరికి వెళ్లే రోజుల్లో, హైవే మీద లారీలు రేపే దుమ్ముతో పాటు జిన్నింగు మిల్లుల దూది నూగు కూడా తేలుతూ వచ్చి, మిద్దె మీద ఆరబెట్టిన వడియాల మీద, దండెం మీది బట్టల మీద, ఆఖరికి అత్త నల్లకోటు మీద కూడా వాలేది. తెల్లవారేసరికి వరండా నిండా జనం. కూలీలు, కౌలు రైతులు, మొగుళ్లు వదిలేసిన ఆడవాళ్లు. ఫీజు సంగతి అత్త ఎత్తేది కాదు, వాళ్లూ ఎత్తలేకపోయేవాళ్లు. క్రిస్మస్‌కి వాళ్లిళ్ల నుంచి అరిసెలు, రంజాన్‌కి గుమాస్తా మస్తాన్ గారింటి నుంచి గిన్నెడు సేమ్యా పాయసం వచ్చేవి. పిల్లలం కోర్టాట ఆడేవాళ్లం. అందులో జడ్జి అయిన మా తమ్ముడు ఎవరేం వాదించినా "వాయిదా!" అని అరిచేవాడు, వాడికి తెలిసిన తీర్పు అదొక్కటే మరి.

వాయిదాలంటే మరియమ్మే ముందు కళ్లలో మెదులుతుంది. పక్క పల్లెలో మిరపకాయలు కోసే మనిషి. భర్త జిన్నింగు మిల్లులో మిషన్‌లో పడి చనిపోతే, అసలు అలాంటి మనిషే మా దగ్గర పనిలో లేడని మిల్లువాళ్లు తేల్చేశారు. అత్త ఆ కేసుని ఏళ్ల తరబడి గుంటూరు తిరిగి నడిపింది. గెలిచిన రోజు మరియమ్మ వరండాలో కూర్చుని, చదువు రాకపోయినా ఆ తీర్పు కాగితం మీద వేలు పెట్టి అడిగింది.

"ఇందులో మా ఆయన పేరుందా అమ్మా?"

"ఉంది మరియమ్మా. ఇంక లేడనడానికి ఎవడికీ వీల్లేదు."

"మా ఇంట్లో వానకి నానిపోయిద్ది. నీ దగ్గరే దాచమ్మా."

దాచడం అత్తకి పంతం కూడా. కొన్నేళ్లు పోతే కోర్టువాళ్లు పాత ఫైళ్లు తీసేస్తారని ఆమెకి తెలుసు. పెద్దవాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి, వీళ్లు కూడా పోట్లాడారని రేపు ఎవరికి తెలుస్తుంది అనేది. ఊరికే వాదించిన కేసులన్నీ వెనక గదిలో ఇనుప బీరువాల్లో పెట్టించి, ప్రాక్టీసు మానేశాక వాటన్నిటి చరిత్ర రాస్తానని చెప్పేది. మస్తాన్ గారు దబ్బనంతో కుట్టి, పురికొసతో కట్టలు కట్టేవారు. మరియమ్మ కూలికి పోయిన చోట ఇచ్చిన, రంగు పోయిన తాలుకాయలు ఒళ్లో పోసుకుని తెచ్చేది. కందిపప్పు డబ్బాలో నాలుగు మిరపకాయలు వేస్తే పురుగు పట్టదని మా ఇళ్లల్లో అందరూ చేసే పనే కదా, అత్త ఆ కాయల్ని కట్టల మధ్య పరిపించింది.

"ఇంత ఘాటులోకి పురుగెట్టా వచ్చిద్దండీ!" అని మస్తాన్ గారు తుమ్ముతూ నవ్వేవారు.

అత్తకి మోకాళ్ల ఆపరేషనై, మా నాన్న ఆమెని ఒంగోలు తీసుకొచ్చుకున్న ఏడాది వానలు విడవకుండా కురిశాయి. ఆ గది తలుపు తీసినవాళ్లు లేరు. దసరా సెలవుల్లో అందరం కలిసి వెళ్లి బీరువా తెరిస్తే, చెమ్మకి మెత్తబడ్డ తాలుకాయల్లో పుట్టిన గోధుమరంగు పురుగులు కాయల్ని తినేసి కాగితాల్లోకి దిగి ఉన్నాయి. కట్టలు పైకి నిక్షేపంగా ఉన్నాయి. మస్తాన్ గారు ఒకటి ఎత్తగానే పొడి రాలింది, పురికొస ఆయన చేతిలో మిగిలింది. అత్త ఏడవలేదు. "కాయలు నేనే పెట్టించాను" అని మాత్రం అంది. నకళ్ల కోసం గుంటూరు వెళ్తే పాతవి ఎప్పుడో తీసేశామన్నారు. ఆ తరవాత ఆమె చరిత్ర మాట ఎత్తలేదు, మూడో ఏట పోయింది. ఆ పొడి చూసినప్పుడు వచ్చిన దుఃఖం ఆమె పోయినప్పుడు కూడా నాకు రాలేదు.

ఇప్పుడు ఆ మిల్లు స్థలంలో ఫంక్షన్ హాలు ఉంది. మస్తాన్ గారూ లేరు. మరియమ్మ కోసం వాళ్ల పల్లెకి వెళ్తే, ఇల్లు కూలిపోయింది, మనిషి ఎటు పోయిందో తెలియదన్నారు. మొన్న ఒక కుర్ర లాయరు, మన పేటలో పేదవాళ్లకి న్యాయ సహాయం ఎలా మొదలైందో పుస్తకం వేస్తున్నామండీ, మీ అత్తగారి గురించి రాసివ్వండి అని అడిగితే సంతోషంగా కూర్చున్నాను. అత్త కోటు, సేమ్యా పాయసం, మరియమ్మ కాగితం మీద పెట్టిన వేలు, అన్నీ రాశాను. ఆ వేలి కింద ఉన్న పేరు దగ్గర ఆగిపోయాను. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు, అడుగుదామంటే మనిషి లేదు. ఆ చోటు ఖాళీగానే వదిలి పంపాను. పేరు లేకపోతే ఆ కేసు వేయలేమండీ అన్నాడు. చివరికి మిల్లువాళ్ల మాటే నెగ్గింది.