బిస్కెట్ డబ్బాలో పాస్‌వర్డ్‌లు

ఇప్పుడు అద్దాల మేడలున్న మాదాపూర్‌లో డెబ్బైలలో అన్నీ బండలే. ఆ బండల మధ్య నుంచి సైకిల్ తొక్కుకుంటూ నగరంలోని కంప్యూటర్ ఆఫీసుకు వెళ్లేవాణ్ని. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా అధికారి సంతకం పెడితేనే అది నిలుస్తుంది.

కోస్తా నుంచి వచ్చిన ఆయనకు భద్రత అంటే ప్రాణం. కంప్యూటర్ తెరిచే పాస్‌వర్డ్‌ను రోజూ పొద్దున నేను మార్చాలి. సాయంత్రం వెళ్లేముందు దాన్ని ఆయనకు చెప్పాలి, ఇంకెవరికీ చెప్పకూడదు. అప్పటి యంత్రానికి తెర లేదు. కొట్టిన ప్రతి అక్షరం కాగితం మీద పడేది. ఆ ముక్కను చించి పారేయాలి.

రోజుకొక కొత్త మాట ఎక్కణ్నుంచి తెచ్చేది? నేను భజన మండలిలో పెరిగినవాణ్ని. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం దత్తాత్రేయుడు, శుక్రవారం లక్ష్మి, శనివారం వెంకటేశ్వరుడు. పనితోపాటు నామస్మరణ కూడా అయ్యేది. కానీ దేవుడి పేరున్న కాగితాన్ని చించడానికి చెయ్యి రాలేదు. కళ్లకద్దుకుని బిస్కెట్ డబ్బాలో వేసేవాణ్ని, నిండాక దుర్గం చెరువులో కలపవచ్చని.

గది ఊడ్చే పెద్దమ్మ అది చూసి అడిగేది: "ఇయ్యాల ఏ దేవుడు బిడ్డా?"

చెప్పేవాణ్ని. అడిగినవాళ్లకు నామం దాచడం పాపమని మండలిలో నేర్పారు. దాచమన్నది ఆఫీసు. ఏది పెద్ద ఆజ్ఞో నాకెప్పుడూ సందేహం రాలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం జ్వరం ముంచుకొచ్చి, అధికారికి పాస్‌వర్డ్ చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను. మర్నాడు లేవలేదు. సరిగ్గా ఆ రోజే పరీక్ష ఫలితాల జాబితాలు పంపాలి. మా ఇంటికి ఫోన్ లేదు. జరిగినదంతా సోమవారం పెద్దమ్మే చెప్పింది. అధికారి యంత్రం ముందు చెమటలు కక్కుతుంటే, ఆమె అందట:

"ఫికర్ జెయ్యకుండ్రి సార్. శనివారం గదా, ఎంకన్న పేరు కొట్టుండ్రి."

"నీకెలా తెలుసు?"

"ఎవ్వలకు తెల్వదు సార్?"

కొట్టారు. తెరుచుకోలేదు.

"ఆగుండ్రి. ఆ పిల్లగాడే రాకపాయె, మార్చినోడెవ్వడు? నిన్నటి లచ్చిమే ఉంటది."

తెరుచుకుంది. జాబితాలు వేళకు వెళ్లాయి.

అధికారి నన్ను పిలిచారు. బల్ల మీద నా బిస్కెట్ డబ్బా.

"నా మాట ఒక్కటీ వినలేదండి మీరు."

"లేదు సార్."

"వినుంటే శనివారం నా పరువు పోయేదండి. అదే నాకు మింగుడుపడటం లేదు."

ఆ రోజు నుంచి పాస్‌వర్డ్ ఆయనే పెట్టేవారు: ఎనిమిది అంకెలు, రోజూ వేరు. అంకెల్లో దేవుడు లేడు గనుక కాగితాన్ని నిశ్చింతగా చించాను. మూడో రోజుకే ఆయన బల్ల అద్దం కింద, వెంకటేశ్వరుడి పటం పక్కన, ఒక చీటీ కనిపించింది. ఎనిమిది అంకెలు, ఆయన గుండ్రటి దస్తూరీ. ఆ అద్దాన్ని రోజూ తుడిచేది పెద్దమ్మే.

నా ఉద్యోగం ఖాయం చేసే ఉత్తర్వును ఆ అద్దం మీదే పెట్టి సంతకం చేశారు. ఆయన కలం కదులుతున్నంతసేపూ నేను కిటికీ వైపు తల తిప్పుకుని నిలబడ్డాను. పాస్‌వర్డ్ ఎవరూ చూడకూడదని ఆయన ఆజ్ఞ కదా.