నా ఎర్ర అక్షరాలు, హీరో డబ్బాలు

ఆ రోజుల్లో అసూయ పడటానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు, పక్క కుర్చీలో మనిషి ఉంటే చాలు. అశోక్‌నగర్ హాస్టల్లో నా గదివాళ్లంతా సర్కారు కొలువులకు చదువుతుంటే, నేనొక్కడినే నారాయణగూడలో ఒక చిన్న ఆఫీసుకు పోయేవాడిని. వేరే ప్రోగ్రామర్లు తెరమీద బొమ్మలు గీయడానికి వాడుకునే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు, ఒకటి మేం తయారు చేసేవాళ్లం. బొమ్మ గీసే కోడంతా నా పక్క కుర్చీ 'హీరో'ది. ఏదైనా తేడా వస్తే ఎందుకో చెప్పే మాటలు నావి: బొమ్మే రాకపోతే ఎర్ర అక్షరాలు, ఉత్త హెచ్చరికయితే పసుపు. అతని పని కనబడితే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు, నా పని కనబడితే మొహాలు మాడ్చుకునేవాళ్లు. (అతనికి జుట్టు కూడా ఒత్తుగా ఉండేది. అదీ ఓర్చుకోలేకపోయాను.)

మా ఇద్దరిలో టీం లీడ్ ఎవరో కస్టమర్‌కు చూపించే రోజున తేలుస్తానన్నారు మా సార్. ఆ రోజు కస్టమర్ మేడం, మా అమ్మ వయసావిడ, హీరోని పక్కకు జరగమని తనే కీబోర్డు అందుకుంది. ఒక డబ్బా గీయమంది గానీ వెడల్పు ఇవ్వలేదు. తెర ఖాళీ. హీరో తెల్లబోయాడు, నా కడుపు చల్లబడింది. అంతలో కింద ఎర్ర అక్షరాలు వచ్చాయి: "అన్నా, వెడల్పు ఇయ్యలే. జర చూస్కో, డబ్బా వస్తది." పని చేస్తుందో లేదో చూసుకోవడానికి హాస్టల్లో మాట్లాడినట్టే రాసుకుని, చివర్లో ఇంగ్లిషులోకి మారుద్దామనుకుని మరచిపోయిన వాక్యమది. మేడం నవ్వి, వెడల్పు ఇచ్చి, డబ్బా రాగానే, "తిట్టకుంట ఎంత మంచిగ చెప్పింది. ఎవరు రాసిన్రు బాబూ?" అని అడిగింది.

అయినా ఇంగ్లిషు మరచిన నేరానికి లీడ్ పదవి హీరోకే పోయింది. సాయంత్రం చిక్కడపల్లిలో అతను చాయ్ తాగిస్తుంటే నేను సగం తాగి పక్కన పెట్టాను. అతను కప్పు అటూ ఇటూ తిప్పి, "ఆమె నీ పేరడిగింది రా. డబ్బా ఎవలు గీసిన్రని అడగనే లేదు," అన్నాడు. నా మీద కూడా ఒకరికి అసూయ ఉంటుందని అప్పటిదాకా తెలియదు. మిగతా చాయ్ చాలా తియ్యగా ఉంది.

ఇప్పుడు నాకూ ఒక టీం ఉంది, జుట్టే లేదు. మొన్న మా ఆఫీసు అమ్మాయి తెర చూసి పకపకా నవ్వుతుంటే వెళ్లి చూశాను. ఆ లైబ్రరీయే, పసుపు అక్షరాలు: "అక్కా, అన్నా, ఎవలైతేంది, రంగు చెప్పుడు మర్చిపోయిన్రు. నల్లగనే గీస్తున్న, ఏమనుకోకున్రి." నేను ఆ ఆఫీసు వదిలి వచ్చేశాక హీరో చేర్చిన వాక్యమని కోడు పక్కనున్న అతని పేరే చెప్పింది. నాకంటే బాగా రాశాడు. వయసుతో ఇలాంటివి తగ్గుతాయంటారు. నవ్వుతూనే నా సీటుకొచ్చి, దాన్ని మించిన వాక్యం కోసం మధ్యాహ్నమంతా ఆలోచించాను.