పీట బస్సు

నా చిన్నప్పుడు చిల్లకల్లులో మా ఇల్లు హైదరాబాదు రోడ్డు పక్కనే ఉండేది. నేను వస పోసిన పిట్టని. మా తమ్ముడికి మాత్రం నాలుగో ఏడు వచ్చినా మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. చెవుడేమో అనుకుందామంటే, ఎక్కడో బస్సు హారన్ వినపడితే చాలు, అన్నం ముందు నుంచి లేచి వాకిట్లోకి పరుగెత్తేవాడు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ మా అమ్మనే అడిగేవాళ్లు, పసితనంలో వీడికి మాటలొచ్చేందుకు వస నాకించలేదా అని. నాకూ వాడికీ ఒకే వసకొమ్ము అరగదీసి నాకించింది, పాపం. అయినా తప్పంతా తనదే అయినట్టు తల వంచుకునేది. సాయంత్రమయ్యేసరికి వాడి గడ్డం పట్టుకుని "అమ్మ అను నాన్నా, అమ్మ అను" అని బతిమాలేది. వాడు మొహం తిప్పుకునేవాడు. ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ఎంతగానో అలమటించింది.

వాడి ఆటంతా ఒక్క పీటతోనే. అన్నానికి కూర్చునే చెక్కపీటను వసారాలో ఈ చివర నుంచి ఆ చివరికి తోయడం, మళ్లీ ఇటు తోయడం. చప్పుడు భరించలేక నాన్న ఆ పీట లాక్కుంటే ఊరు లేచిపోయేలా అరిచేవాడు.

పక్కింటావిడని మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. వాళ్లాయన నందిగామ బస్సులో కండక్టరు. బస్సు ఆగాలన్నా కదలాలన్నా ఆయన కేకతోనే. ఒకరోజు ఆపా పచ్చడి గిన్నె ఇవ్వడానికొచ్చి, అంత లావుపాటి మనిషీ వెళ్లి తమ్ముడి పక్కన నేల మీద చతికిలబడింది. వాడితోపాటు తనూ పీట తోసింది. కాసేపటికి అరచెయ్యి అడ్డం పెట్టి "హోల్డాన్!" అంది. పీట ఆగింది. "రైట్ రైట్!" అని చెయ్యి తీసింది. పీట కదిలింది. తమ్ముడు కిలకిలా నవ్వాడు. అలా ఎన్నిసార్లు ఆపిందో, ఎన్నిసార్లు వదిలిందో. ఈమెకేం పనిలేదా అన్నట్టు అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

మళ్లీ "హోల్డాన్" అని ఆపింది ఆపా. ఈసారి రైట్ అనలేదు. పెదాలు బిగించి, కళ్లు పెద్దవి చేసి, వాడికేసి చూస్తూ కూర్చుంది. వాడు తోశాడు. పీట కదల్లేదు. గింజుకున్నాడు. అమ్మ ఉండబట్టలేక ఏదో చెప్పబోతే ఆపా పెదాల మీద వేలు పెట్టుకుంది. ఎప్పుడూ ఎవరి మొహమూ చూడని మా తమ్ముడు తలెత్తి ఆమె నోటికేసి చూశాడు.

"ఐట్."

ఆపా ఠక్కున చెయ్యి తీసేసింది. పీట సర్రున పోయింది. దేవుణ్ణి చూసినట్టు నోరు తెరుచుకుని వాణ్ణే చూస్తూ ఉండిపోయాను.

అమ్మ ఏడుస్తూనే అంది, "అమ్మ అనలేదు చూడు ఆపా, రైటన్నాడు."

"వాడిక్కావాల్సింది వాడన్నాడమ్మా. నీక్కావాల్సింది అనమని వాణ్ణి చంపమాక. వాడి ఆటలో కూర్చుని, ఓ మాట అని, ఊరుకో. తొందరపడమాక" అంది ఆపా.

తమ్ముడికి ఆ తర్వాత మాటలు వరదలా ఏమీ రాలేదు. ఒకటీ అరా వచ్చాయి. పెద్దయ్యాక కూడా పొదుపుగానే మాట్లాడేవాడు. అమ్మా అని మాత్రం ఒకనాడు అన్నాడు, అన్నం తింటూ, ఎవరూ అడక్కుండానే. అప్పటికి అమ్మ అడగడం మానేసి చాలాకాలమైంది.

ఇప్పుడు నేనుండేది నందిగామలో. మా మనవరాలికి మూడేళ్లు నిండినా మాట రాలేదు. ఆటిజం కావచ్చు, ఇప్పుడే గట్టిగా చెప్పలేమన్నారు విజయవాడ డాక్టరుగారు. వారం వారం మా కోడలు స్పీచ్ థెరపీకి తీసుకెళుతోంది. పిల్లతో కలిసి ఆడి, తను మాట్లాడేందుకు వీలిచ్చి ఆగమని అక్కడి అమ్మాయి చెప్పిందట. ఇంట్లో మనవరాలు గ్లాసులు వరసగా పేరుస్తుంటే, నేను మోకాళ్ల నొప్పులతోనే పక్కన కూలబడతాను. ఒక గ్లాసు చేత్తో పట్టుకుని, నోరు మూసుకుని, దాని మొహంకేసి చూస్తూ ఉంటాను. నానమ్మ అనమని ఇంతవరకూ దాన్ని ఒక్కసారి కూడా అడగలేదు.